‘షా’ నుంచి ‘చెక్కు’ దాకా

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కడపలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసిన పాఠం.)

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

నేను ఈ హాల్లోకి అడుగుపెట్టేసరికి ఒక అబ్బాయి ఈ మైకు పట్టుకుని ‘చెక్... చెక్... మైక్ చెక్’ అంటున్నాడు. నేను మాట్లాడదామని రాసుకొచ్చిన మాట కూడా అదే. ఆ అబ్బాయి నాకంటే ముందే మొదలుపెట్టేశాడు.

పొద్దున్నుంచి ఈ మాట నా చెవిన ఎన్నిసార్లు పడిందో గుర్తు చేసుకుంటూ వచ్చాను. పేపరు తెరిస్తే ‘ఇసుక అక్రమ రవాణాకు చెక్’ అని హెడ్డింగు. ఇంట్లో ఆమె బీపీ చెకప్‌కు పోవాలంది. బస్సులో కండక్టరు ‘టికెట్లు చేతిలో పెట్టుకోండి, ముందర చెకింగ్ ఉంది’ అన్నాడు. పక్క సీట్లో ఆయన వేసుకున్నది గళ్ళ చొక్కా, బట్టల షాపులో అడిగితే చెక్స్ షర్ట్ అంటారు. మనవడు ఫోన్ చేసి ‘తాతా, ఫోటో పెట్టినా, చెక్ చేసుకో’ అన్నాడు. ఇక ముప్పై ఎనిమిదేళ్ళు నాకు అన్నం పెట్టిన మాట కూడా ఇదే: బ్యాంకు చెక్కు.

ఆపడం, వెతకడం, సరిచూడడం, గుడ్డ మీది గళ్ళు, డబ్బులిచ్చే కాగితం. వీటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధం? ఇన్ని పనులకు ఒక్క చిన్న మాట ఎట్లా సరిపోయింది? ఈరోజు మనం మాట్లాడుకునేది దాని గురించే.

నేను ఈ మాట వెంట పడడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్తాను. 1986లో నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. పల్లెలో ఒక చిన్న బ్రాంచి. ఏ బ్యాంకు, ఏ ఊరు అన్నది ఇప్పుడు అవసరం లేదు. ఒకరోజు ఇంటర్ చదివే అబ్బాయి వాళ్ళ నాయనకు చెక్కుబుక్కు కావాలని అర్జీ తెచ్చాడు. నాయన తెలుగులో సంతకం పెట్టాడు, పైనున్న నాలుగు వాక్యాలూ అబ్బాయే ఇంగ్లీషులో రాశాడు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు సొంతంగా ఇంగ్లీషులో అర్జీ రాయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అందులో చెక్ అనే మాటను సి-హెచ్-ఇ-సి-కె అని రాశాడు. కౌంటర్ వెనక ఉన్న ఆఫీసరు ఎర్ర సిరాతో ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, ‘స్పెల్లింగే రానోడికి చెక్కుబుక్కు ఎందుకు’ అని కాగితం వెనక్కి తోశాడు. లోపల పది మంది ఉన్నారు, అందరూ చూశారు. అబ్బాయి ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత వాళ్ళ నాయన కూడా చెక్కుబుక్కు అడగలేదు.

నేను కొత్తవాణ్ణి, నోరు తెరవలేదు. ఆ రాత్రి గదిలో ఇంగ్లీషు నిఘంటువు తీసి చూశాను. సి-హెచ్-ఇ-క్యూ-యు-ఇ దగ్గర, ఇది ‘సి-హెచ్-ఇ-సి-కె’కు మరో రూపం అని ఉంది. అంటే అసలు మాట అబ్బాయి రాసినదే. మా ఆఫీసరు సరైనదనుకున్నది తర్వాత వచ్చిన రూపం. ఆ అబ్బాయికి ఇప్పుడు యాభై అయిదు దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. ఇది ఆయనకు చెప్పవలసిన ప్రసంగం, మీకు చెప్తున్నాను.

ఇప్పుడు మాట పుట్టుకకు వద్దాం. ఇది బ్యాంకులో పుట్టలేదు, ఇంగ్లండులోనూ పుట్టలేదు. చదరంగం బల్ల మీద పుట్టింది.

చదరంగం మన దేశపు ఆటే. చతురంగం అంటే నాలుగు అంగాలు: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లు. ఏడో శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో చతురంగాన్ని ప్రస్తావించాడు. సంస్కృతంలోని ‘తు’ తెలుగు నోట్లో పడి ‘ద’ అయి చదరంగం అయింది. అదే ఆట పడమటికి కూడా పోయింది. పర్షియాలో చత్రంగ్ అన్నారు, అరబ్బులు షత్రంజ్ అన్నారు. ఆట వెంట ఒక అలవాటు కూడా పోయింది. ఎదుటివాడి రాజు మీదికి పావును తోసినప్పుడు నోటితో హెచ్చరించాలి. పర్షియా వాళ్ళు ‘షాహ్!’ అనేవారు. షాహ్ అంటే రాజు. ‘రాజును చూసుకో’ అని దాని అర్థం.

ఈ షాహ్ మనకు కొత్త మాట కాదు. బాద్‌షాలో ఉంది, షాజహానులో ఉంది. కడపలో దర్గాలకు పోయి పీర్ల పేర్లు చదివితే అక్కడా ‘షా’ కనిపిస్తుంది. ఇంకా లోతుకు పోతే, ఈ మాటకు పాత పర్షియన్‌లో ఉన్న మూలమూ, సంస్కృతంలో ‘ఏలడం’ అనే అర్థమిచ్చే ‘క్షి’ ధాతువూ ఒకే కుదురువి. క్షత్ర, క్షత్రియ అనే మాటలు ఆ ధాతువు వైపు నుంచి వచ్చినవే. జాగ్రత్తగా వినండి, సంస్కృతం నుంచి పర్షియన్ మాట పుట్టిందని నేను అనడం లేదు. అట్లా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది సరికాదు. ఒక తల్లి బిడ్డలు ఇద్దరు వేరే ఊళ్ళలో పెరిగినట్టు, ఇవి రెండూ తోబుట్టువులు.

అరబ్బుల ద్వారా ఆట యూరపు చేరింది. షాహ్ చివర ఉన్న హకారం యూరపు వాళ్ళ చెవికి గట్టిగా వినిపించి కకారమైంది. లాటిన్‌లో స్కాకస్ అని రాసుకున్నారు. పాత ఫ్రెంచిలో అది ఎస్చెక్ అయింది. మొదట్లో ఆ ‘ఎ’ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఇది మన ఇళ్ళలో కూడా జరిగే సంగతి.

మా జేజి బడిని ‘ఇస్కూలు’ అనేది. రైలు ఆగే చోటును ‘ఇస్టేషను’ అనేది. మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు అంటారు కదా? సకారం, దాని వెంటనే మరో హల్లు మాట మొదట్లో వస్తే నాలుకకు కష్టం. దానికి ఊతంగా ముందొక అచ్చు చేర్చుకుంటారు. పాత ఫ్రెంచి వాళ్ళు చేసింది అచ్చంగా ఇదే. బడికి లాటిన్‌లో స్కోలా అంటే, వాళ్ళు ముందు ‘ఎ’ పెట్టి ఎస్కోల్ అన్నారు. తర్వాత సకారం కూడా జారిపోయి ఈనాటి ఎకోల్ అయింది. ఫ్రెంచివాడు చేస్తే భాషా పరిణామం అని పుస్తకాల్లో రాస్తారు. మా జేజి చేస్తే పల్లెటూరి మాట అన్నారు. రెండూ ఒకే నాలుక చేసిన పని. ఈ ఒక్క సంగతి మీరు ఇంటికి పట్టుకుపోయినా నాకు సంతోషమే.

ఆ ఎస్చెక్ ఇంగ్లండుకు పోయాక ముందున్న ‘ఎస్’ రాలిపోయింది. మిగిలింది చెక్. దానికి ఫ్రెంచిలో బహువచనం ఎస్చెస్. ముందు భాగం రాలగా మిగిలినది చెస్. అంటే చెస్ అనే మాటకు మొదటి అర్థం ‘రాజులు’. మీరు చెస్ టోర్నమెంటుకు పోతున్నామని చెప్పినప్పుడల్లా పర్షియన్ రాజులను బహువచనంలో పిలుస్తున్నట్టే. జర్మన్లు ఇప్పటికీ చదరంగాన్ని షాఖ్ అంటారు. ఫ్రెంచిలో ఎషెక్ అంటే ఓటమి అనే అర్థం కూడా ఏర్పడింది.

చెక్‌మేట్ సంగతి కూడా చెప్పాలి. అది ‘షాహ్ మాత్’. మాత్ అంటే అరబ్బీలో చనిపోయాడు అని కొందరు చెప్తారు. కాదు, పర్షియన్‌లో దిక్కు తోచక నిలిచిపోయాడు అని దాని అర్థమంటారు మరికొందరు. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది. ఎందుకంటే చదరంగంలో రాజును ఎవరూ చంపరు. బంటును తీసేస్తారు, ఏనుగును తీసేస్తారు, రాజును మాత్రం బల్ల మీది నుంచి తీయరు. కదలడానికి గడి లేకుండా చేస్తారు, ఆట అక్కడికి ముగుస్తుంది. మన పెద్దలు దీనికి పెట్టిన పేరు ‘ఆటకట్టు’. చంపడం కాదు, కట్టేయడం. ఆట సారమంతా ఆ నాలుగు అక్షరాల్లో ఉంది. ఈ ‘కట్టు’ను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంగ్లీషులో చెక్ అనే మాట 1300 ప్రాంతంలో చదరంగంతో మొదలైంది. రాజు మీదికి పావు వస్తే ఆడేవాడు అనుకున్న ఎత్తు వేయలేడు, ఆగి తన రాజును కాచుకోవాలి. అందుకని ఆపడం అనే అర్థం వచ్చింది. ఆపగలిగితే అదుపులో ఉన్నట్టు. అదుపులో ఉంచాలంటే అప్పుడప్పుడూ సరిచూడాలి. అట్లా ఆపడం నుంచి అదుపుకు, అదుపు నుంచి తనిఖీకి అర్థం జరిగింది. మన పేపర్లలో ‘ఇసుక రవాణాకు చెక్’ అంటే పాత అర్థం, ఆపడం. బస్సులో చెకింగ్ అంటే కొత్త అర్థం. రెండూ ఒకే రోజు మన ముందుకు వస్తున్నాయి. మనమేమో తేడా కూడా లేకుండా వాడుకుంటున్నాం.

మరి బ్యాంకు చెక్కు? ఆ కథ నాకు ఇంకా ఇష్టం.

ఇంగ్లండులో ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట రాజు ఖజానా లెక్కలు చూసే కచేరీ ఒకటి ఉండేది. దాన్ని ఎక్స్‌చెకర్ అన్నారు. అక్కడ ఎట్లా లెక్క చూసేవారో రాసిపెట్టిన మనిషి ఉన్నాడు. రెండో హెన్రీ రాజు దగ్గర కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్, 1170ల చివర్లో లాటిన్‌లో రాశాడు, గురుశిష్యుల ప్రశ్నలు జవాబుల రూపంలో. ఆయన చెప్పిన ప్రకారం అక్కడ పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉన్న బల్ల. దాని మీద గీతలు గీసిన నల్లగుడ్డ పరిచేవారు. ఆ గళ్ళ వల్ల బల్ల చదరంగం బల్లలా కనబడేది. లాటిన్‌లో చదరంగపు బల్లను స్కాకారియం అంటారు. కచేరీకి కూడా ఆ పేరే పడిపోయింది. అదే ఫ్రెంచి నోట్లో ఎస్చెకియర్ అయి, ఇంగ్లీషులో ఎక్స్‌చెకర్ అయింది. అందులో ‘ఎక్స్’ రావడం కూడా ఒక పొరపాటే. లాటిన్‌లో ‘ఎక్స్’తో మొదలయ్యే మాటలు చాలా ఉన్నాయి కనుక ఇదీ అట్లాంటిదే అనుకుని రాసిన వాళ్ళు ‘ఎక్స్’ పెట్టేశారు. ఆ తప్పు నిలిచిపోయి ఒప్పు అయింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు. అంత పెద్ద పదవి పేరులో అంత పాత పొరపాటు ఉంది.

గళ్ళ గుడ్డ ఎందుకు పరిచారు? వాళ్ళు రాసుకునేవి రోమన్ అంకెలు. వాటితో కాగితం మీద కూడికలు తీసివేతలు చేయడం నరకం. మీరే ఒకసారి ప్రయత్నించి చూడండి. మన దేశంలో పుట్టిన సున్నాతో కూడిన అంకెలు అప్పటికి ఆ కచేరీ లెక్కల్లోకి రాలేదు. అందుకని గుడ్డ మీద పెన్నీలకు ఒక వరస, షిల్లింగులకు ఒక వరస, పౌండ్లకు ఒకటి, ఇరవైలకు, వందలకు, వేలకు ఒక్కొక్కటి. ఆ గళ్ళలో బిళ్ళలు పేర్చేవారు. ఒకవైపు షెరీఫ్, అంటే జిల్లాలో రాజుకు రావలసినది వసూలు చేసేవాడు. ఎదురుగా కోశాధికారి. కట్టవలసింది ఇంత అని ఒకరు బిళ్ళలు పెట్టిస్తారు, కట్టింది ఇంత అని కింద వరసలో పెడతారు. పైవరసలోంచి కిందిది తీసేస్తే బాకీ ఎంతో కంటికే కనిపిస్తుంది. అక్షరం రానివాడికి కూడా అర్థమవుతుంది. చదరంగం బల్ల మీద రాజుల మధ్య యుద్ధం జరిగినట్టే ఇక్కడ కోశాధికారికీ షెరీఫ్‌కూ మధ్య పోరు నడుస్తుందని ఫిట్జ్‌నీల్ తనే రాశాడు. జమాబందీ గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. కరణాలు లెక్కల కట్టలు మోసుకుని కచేరీకి పోయి, అధికారి ముందు పద్దు పద్దుకూ జవాబు చెప్పుకున్న రోజులు చెప్తారు. ఆ షెరీఫులకు కూడా ఏడాదికి రెండుసార్లు అదే టెన్షన్.

కట్టిన డబ్బుకు రసీదు ఏమిటి? కాగితం కాదు, చెక్క పుల్ల. దాని మీద మొత్తానికి తగ్గట్టు గాట్లు కోసి, పుల్లను నిలువునా రెండుగా చీల్చేవారు. ఇద్దరి దగ్గరా చెరొక ముక్క. లెక్క తేడా వస్తే రెండూ కలిపి చూస్తారు, గాట్లు కలవకపోతే మోసం జరిగినట్టు. చెక్కను చెక్కారు కాబట్టి చెక్కు అయిందని ఎవరైనా మీకు చెప్తే నమ్మకండి. తెలుగు చెక్కకూ, చెక్కడానికీ, ఇంగ్లీషు చెక్‌కూ చుట్టరికం ఏమీ లేదు. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన బంధువులు కారు. ఇట్లాంటి పోలికలు ఫోన్లో రోజూ వస్తుంటాయి, ఇంగ్లీషంతా తెలుగు నుంచే వచ్చిందని. మన భాష గొప్పదనానికి అట్లాంటి అబద్ధపు సాక్ష్యాలు అక్కర్లేదు. ఆ పుల్లలు మాత్రం వందల ఏళ్ళు వాడారు. వాడకం మానేశాక మిగిలిన గుట్టలను 1834 అక్టోబరులో పార్లమెంటు భవనం కింద ఉన్న కొలిమిలో వేసి కాల్చారు. ఆ మంట అదుపు తప్పి భవనమే చాలా భాగం తగలబడిపోయింది.

చీల్చిన ముక్కల సంగతి ఎందుకు చెప్పానంటే, చెక్కు అనే మాట డబ్బు కాగితానికి పేరయ్యే ముందు దాని చీలిక ముక్కకు పేరు. 1700ల మొదట్లో చెక్ అంటే కౌంటర్‌ఫాయిల్. డబ్బు ఇమ్మని బ్యాంకుకు రాసే చీటీలు అంతకు ముందే ఉన్నాయి. లండనులో మోరిస్, క్లేటన్ అనే వాళ్ళ కొట్టు మీద 1659 ఫిబ్రవరి 16 తేదీ వేసి చేత్తో రాసిన చీటీ ఇప్పటికీ భద్రంగా ఉంది. కాని చీటీ అన్నాక దొంగ చీటీ కూడా ఉంటుంది. 1717లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రత్యేకమైన కాగితం మీద అచ్చేసిన ఫారాలు తెచ్చింది. వాటికి నంబర్లు వేశారు. తగాదా వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి ఉంచుకునే ముక్క చెక్. కొన్నాళ్ళకు ఆ పేరు మొత్తం కాగితానికి పాకింది. సరిచూడడం అనే పనే కాగితానికి పేరయింది.

ఇక స్పెల్లింగు. ఇంగ్లండులో చాలాకాలం ఇష్టం వచ్చినట్టు రాశారు. చివరికి బ్యాంకు కాగితానికి సి-హెచ్-ఇ-క్యూ-యు-ఇ స్థిరపడింది. ఆ క్యూ ఎక్కడిదంటే ఎక్స్‌చెకర్‌లోది. ఖజానా మాటలో క్యూ ఉంది, ఇదీ డబ్బు సంగతే కదా అని దానికీ తగిలించారు. అమెరికా వాళ్ళకు ఆ సొగసు అవసరం అనిపించలేదు, పాత సి-కెతోనే ఉండిపోయారు. హోటల్లో తిన్నాక ఇచ్చే బిల్లుకు కూడా వాళ్ళు అదే మాట వాడతారు. మన దేశంలో 1881లో చేసిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం క్యూతో రాసింది కాబట్టి మనకూ క్యూ వచ్చింది. చెక్కు బౌన్సయితే కేసు వేసేది ఆ చట్టంలోని 138వ సెక్షన్ కిందే. అంటే 1986లో ఆ అబ్బాయి రాసిన కాగితం లండనులో చెల్లదు, న్యూయార్కులో చెల్లుతుంది. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు, ఏ ఓడ ఏ రేవుకు చేరిందన్నదే సంగతి.

మన ఊరి పేరునే చూడండి. కడప అనే మాటను తెల్లవాళ్ళు సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్ అని రాశారు. అంత పొడుగు పేరును నేను చిన్నప్పుడు పలక మీద పదిసార్లు రాసి నేర్చుకున్నాను. 2005లో ప్రభుత్వం దాన్ని కె-ఎ-డి-ఎ-పి-ఎగా మార్చింది. ముంబైలో, పుణెలో వంటగట్టుకు వేసే మన నల్లరాయిని ‘కడప్పా’ అంటారు. ఆ రాయిని అమ్మే వాళ్ళు బోర్డుల మీద ఇప్పటికీ పాత స్పెల్లింగే రాస్తుంటారు. ఊరు పాత స్పెల్లింగును వదిలేసింది, రాయి వదలలేదు.

కడపలో మాటల గురించి మాట్లాడుతూ బ్రౌన్ దొరను తలుచుకోకుండా ఎట్లా? 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చాడు. ఇక్కడే ఇల్లు కొని, పండితులను చేర్చుకుని, సొంత డబ్బు ఖర్చు పెట్టి తాళపత్రాలు రాయించాడు. 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఆయన మన మాటలను ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడంటే, ఏ వాడుక మాటనూ తక్కువగా చూడలేదు. ఆయన భాషలోని ఒక మాటను మనం అంత శ్రద్ధగా చూడడం ఆయన బాకీ తీర్చుకోవడం అనుకుంటాను.

ఇప్పుడు ‘కట్టు’ దగ్గరికి వస్తున్నాను. చెక్ అనే మాటకు తెలుగులో సమానమైనది ఏది అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఒక్క మాట చాలదు. కాని రెండు మాటలు చాలు.

మొదటిది గడి. చదరంగం బల్ల మీద ఉండేది గడి. బహువచనం గళ్ళు. చీర మీద గళ్ళు, లుంగీ మీద గళ్ళు. ఇంగ్లీషులో బల్ల నుంచి గుడ్డకు చెక్ నడిచిన దారిలోనే మన గడి కూడా నడిచింది, ఎవరినీ చూసి కాదు. కర్ణాటక వైపు పోతే కన్నడంలో గడి అంటే సరిహద్దు. సరిహద్దులో ఏముంటుంది? చెక్‌పోస్టు. అనంతపురం నుంచి బెంగళూరు పోయే దారిలో కొడికొండ చెక్‌పోస్టు ఉంది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017 జులైలో జీఎస్టీ రావడంతో పోయాయి. అయినా బస్సులో ‘కొడికొండ చెక్‌పోస్టు దిగేవాళ్ళు రండి’ అనే పిలుపు పోలేదు, ఆ చోటుకు అదే పేరు.

రెండోది కట్టు. ఆటకట్టు చెప్పాను. వరదను, ధరలను, కోపాన్ని అదుపు చేయడాన్ని కట్టడి చేయడం అంటాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ చెక్ వాడతారు. ఇక నీళ్ళు. పల్లెల్లో వంకకు అడ్డంగా కట్టే చిన్న గోడను చెక్‌డ్యాం అంటున్నాం. దాని పని నీళ్ళను పూర్తిగా పట్టుకోవడం కాదు, పరుగు తగ్గించడం. వాన పడ్డ రోజు వంకలో నీళ్ళు గంటల్లో పోతాయి. ఆ గోడ దగ్గర కాస్త నిలబడితే నేలలోకి ఇంకుతాయి, కింద బావుల్లో ఊట వస్తుంది. మా నాయన చెనిక్కాయలు వేసిన చేను పక్కన వంకకు అట్లాంటి గోడ కట్టిన ఏడాది, మా బావిలో వేసవిలో కూడా నీళ్ళు చూశాను. నీళ్ళను బెదిరించి ఒక్క నిమిషం నిలబెట్టడం, రాజుకు చెక్ చెప్పడం లాంటిదే. ఆ గోడకు చెక్ అని పేరు పెట్టినవాడికి మాట విలువ తెలుసు.

పెద్ద గోడకు మన మాట ఆనకట్ట. అందులోనూ కట్టే. ఈ మాట ఎదురు దారిలో పోయింది. తమిళంలో అణైకట్టు, మనది ఆనకట్ట. దక్షిణాదిన కాలువలు తవ్వించిన ఇంగ్లీషు ఇంజనీర్లు దాన్ని ఎనికట్ అని తమ భాషలో చేర్చుకున్నారు, ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. మన కె.సి. కాలువకు, అంటే కర్నూలు - కడప కాలువకు, నీళ్ళొచ్చేది అట్లాంటి చోటు నుంచే. కర్నూలు దగ్గర సుంకేసులలో తుంగభద్ర మీద 1860ల్లో ఆనకట్ట కట్టారు. అక్కడి నీళ్ళు కర్నూలు, నంద్యాల దాటి కడప దాకా వస్తాయి. చెక్ అనే మాటను వాళ్ళ నుంచి మనం తెచ్చుకుంటే, కట్టు అనే మాటను మన దగ్గర నుంచి వాళ్ళు పట్టుకెళ్ళారు. ఈ రెండూ కలిసి ఉన్న చోటు కూడా ఒకటి చెప్తాను. పేపర్లో మీరు పూరించే పజిల్‌ను తెలుగులో ఏమంటాం? గళ్ళ నుడికట్టు. గడి ఉంది, కట్టు ఉంది, మధ్యలో నుడి ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎవరో గాని వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి.

పిల్లలూ, బ్యాంకు వాణ్ణి కాబట్టి ఒక్క పనికొచ్చే సంగతి చెప్పి ముగిస్తాను. చెక్కు ఫారం మీద అచ్చు హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చూసి చాలామంది అందులో రాయవలసింది కూడా ఇంగ్లీషులోనే అనుకుంటారు. కాదు. హిందీలో, ఇంగ్లీషులో, లేకపోతే ఆ ప్రాంతపు భాషలో రాయవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. నా సర్వీసు మొత్తంలో తెలుగులో రాసిన చెక్కులు ఎన్ని చూశానో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అడ్డం చెప్పేవాళ్ళు ఉన్నందుకు కాదు, రాయొచ్చని తెలియక.

పిల్లల విభాగానికి నిఘంటువులు కొనడానికి గ్రంథాలయానికి ఈరోజు ఒక చెక్కు ఇస్తున్నాను. ఇదిగో. తేదీ వేశాను, తెలుగులో సంతకం పెట్టాను, ఎడమ మూల రెండు గీతలు గీశాను. మూడు నెలల వరకు చెల్లుతుంది. ఎవరికి అన్నది తెలుగులో రాశాను. అక్షరాల్లో ‘వెయ్యిన్నూట పదహారు రూపాయలు మాత్రమే’ అని రాశాను, గడిలో అంకెలు వేశాను. మొదటి వరసలో కూర్చున్న పాపా, నీల రంగు ఓణీ వేసుకున్న అమ్మాయి, ఇట్లా రామ్మా. ఈ మైకు దగ్గర నిలబడి దీన్ని పై నుంచి కింది దాకా గట్టిగా చదువు. అంకెలూ అక్షరాలూ ఒకటేనో కాదో నువ్వే సరిచూసి చెప్పు.